మంచి రోజుల సాక్ష్యం

వసంతలక్ష్మి తొమ్మిదేళ్ళు బెంటన్‌విల్‌లో స్కూలు బస్సు నడిపింది. ఆ ఊరి తెలుగువాళ్ళలో ఆ పని చేసింది ఆమె ఒక్కతే. భర్త ధర్మారావు అక్కడి పెద్ద రిటైల్ కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేసేవాడు. గ్రీన్‌కార్డులు వచ్చిన ఏడాది, కూతురు దేదీప్య మూడో క్లాసులో ఉండగా, బస్సు డ్రైవర్లు కావాలన్న బోర్డు స్కూలు ముందు చూసి వసంతలక్ష్మి అప్లై చేసింది. ధర్మారావు నవ్వాడు. ఆరు వారాల ట్రైనింగ్ అయ్యాక, అంత పొడుగు పసుపుపచ్చ బస్సును ఆమె వెనక్కి నడిపి రెండు కోన్‌ల మధ్య గీత గీసినట్టు ఆపింది. అది చూసి వచ్చిన సాయంత్రం అతను ఆఫీసులో అందరికీ ఆ ఫొటో పంపాడు.

ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనవి పొగమంచు పొద్దులు. ఆ కొండల మధ్య శరదృతువులో మంచు దిగితే రోడ్డు పది గజాలకు మించి కనిపించేది కాదు. మలుపు ఎక్కడుందో కళ్ళకంటే ముందు కాళ్ళకే తెలిసేది. బ్రేకు మీద కుడికాలు మెత్తగా ఆనేది, తెల్లటి గోడలోంచి ఒక ఎర్ర స్వెట్టరు, ఒక లంచ్ బాక్సు, నిద్రమొహంతో ఒక పిల్ల బయటికొచ్చేవి. "గుడ్ మార్నింగ్, మిస్ వీ" అని గొణుగుతూ ఎక్కేవాళ్ళు. వసంతలక్ష్మి అన్న పేరు వాళ్ళ నోళ్ళలో అరిగి అరిగి చివరికి ఒక్క అక్షరం మిగిలింది. నలభైమంది పిల్లల్ని పెట్టుకుని మేఘంలోంచి వెళ్తున్నట్టుండేది. కల కంటున్నానా అనిపించేది గానీ, కాళ్ళు మాత్రం ఎప్పుడూ మెలకువగానే ఉండేవి.

బడి తెరిచిన మొదటి వారంలో, ఒక ఆగస్టు మధ్యాహ్నం, అది మారిపోయింది. బస్సు లోపల కొలిమిలా ఉంది. ఆఖరి పిల్ల దిగిపోయాక ఖాళీ బస్సుతో డిపోకి తిరిగి వస్తూ ఒక స్టాప్ సైన్ దగ్గర ఆగింది. మళ్ళీ కదలాలని బ్రేకు మీంచి కాలు తీయబోతే కాలు రాలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. తను చెప్పిన మాట కాలి దాకా వెళ్ళలేదు, అంతే. కిందికి చూసుకుంటే బూటు అక్కడే ఉంది, వేరే ఎవరో మరిచిపోయి వెళ్ళినట్టు. చేత్తో పార్కింగ్ బ్రేకు వేసి, లైట్లు వెలిగించి, రేడియోలో డిపోకి చెప్పింది. మెకానిక్ వచ్చి, మరో మనిషి సాయంతో ఆమెను దింపి తన ట్రక్కులో ఏసీ ముందు కూర్చోబెట్టాడు. అరగంటలో కాళ్ళు తిరిగొచ్చాయి. తనే దిగి, నడిచి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఎండదెబ్బ అన్నారు అందరూ. ఆమె కూడా అదే అనుకుంది.

సెలవు మీద ఇంట్లో గడిచిన మూడు నెలలు, రెండు స్కాన్‌ల తర్వాత డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పింది. నరాల మీది పొర అక్కడక్కడ చెదిరిందని, ఒంట్లో వేడి పెరిగినా, అలసట వచ్చినా, ఒక్కోసారి ఏ కారణం లేకపోయినా కబురు దారి మధ్యలో ఆగిపోతుందని వివరించింది. ఆగిన కబురు మళ్ళీ వెళ్తుందట. ఎప్పుడు ఆగేదీ, ఎప్పుడు వెళ్ళేదీ ఎవరూ చెప్పలేరట. డిపోవాళ్ళు అడగకముందే వసంతలక్ష్మి తాళాలు ఇచ్చేసింది.

తర్వాతి రోజులు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వచ్చాయి. ఒకరోజు పొద్దున లేచి ఇల్లంతా ఊడ్చి, ఇంటి పక్క చెట్ల మధ్య పోయే కాలిదారి ట్రెయిల్ మీద రెండు మైళ్ళు నడిచి వచ్చేది. మర్నాడు మంచం దిగి నిలబడితే నేల నీళ్ళలా ఊగేది. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళి, అక్కడే కూర్చుండిపోయేది. మధ్యాహ్నాలు ఒక మత్తు కమ్మేది. కిటికీ అవతల ఎవరో గడ్డి కోస్తున్న చప్పుడు వింటూ నీటి అడుక్కి దిగుతున్నట్టు నిద్రలోకి జారిపోయేది. ఆ నిద్రలో ఆమె బస్సు నడిపేది. పిల్లలుండేవాళ్ళు కాదు, మంచు మాత్రం ఉండేది. అరికాలి కింద పెడల్ గట్టిగా తగిలేది. లేచాక కూడా ఆ గట్టిదనం కాసేపు అరికాల్లో ఉండిపోయేది, ఇంతకీ ఏది నిజమో తేల్చుకోవడానికి కాలివేళ్ళు కదిపి చూసుకునేది.

తొమ్మిదేళ్ళు జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టింది కాబట్టి ఆమెకు డిజబిలిటీ బెనిఫిట్ అడిగే హక్కుందని ఆస్పత్రిలో సోషల్ వర్కర్ చెప్పింది. ఆ మాట ధర్మారావుకు నచ్చలేదు. మందులు పనిచేస్తాయనీ, ఇంకో ఏడాదిలో మళ్ళీ ఏదో ఉద్యోగంలో చేరుతుందనీ అతని నమ్మకం. తనకు మాత్రం నచ్చిందనా? అయినా తర్వాత వచ్చిన వసంతంలో ఆమె అప్లై చేసింది.

ఇంటికొచ్చిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఆగి విశ్రాంతి తీసుకోకుండా ఎంత దూరం నడవగలరు? కింద ఒకే ఒక్క గీత. ఆ రోజు బయట చల్లగా ఉంది, పొద్దునే నడిచి వచ్చింది, ఒళ్ళు తేలిగ్గా ఉంది. రెండు మైళ్ళు అని రాసింది. రాశాక మనసొప్పక, మిగిలిన రవ్వంత చోటులో చిన్న అక్షరాలతో, కొన్ని రోజులు బాత్రూం దాకా అని ఇరికించింది.

చలికాలంలో సోషల్ సెక్యూరిటీ వాళ్ళు పరీక్షకు పంపిన డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కాళ్ళు తేటగా ఉన్న రోజు. మడమల మీద నడవమన్నాడు, నడిచింది. వేళ్ళ మీద నడవమన్నాడు, నడిచింది. వంగి లేవమంటే లేచింది. అతను చాలా బాగుందన్నాడు. పరీక్షలో ఫస్టు మార్కు వచ్చినట్టు సంతోషం వేసింది ఆమెకు. ఇంటికొచ్చి ధర్మారావుకు చెప్పుకుంది కూడా. మూడు వారాలకు కాదంటూ ఉత్తరం వచ్చింది. నడక సాధారణంగా ఉందనీ, రెండు మైళ్ళు నడవగలనని ఆమే స్వయంగా రాసిందనీ అందులో ఉంది. చిన్న అక్షరాల సంగతి లేదు.

ఆ చలికాలం పోయి వచ్చిన వసంతంలో ఇంకొకటి జరిగింది. ఇండియన్ స్టోరు ముందు, నడవలేనివాళ్ళకు కేటాయించిన చోట, డాక్టరు రాసిస్తే వచ్చిన నీలం ప్లకార్డు తగిలించి కారు ఆపి, చకచకా లోపలికి వెళ్ళబోతుంటే ఉమ ఎదురైంది. ఉమ, వసంతలక్ష్మి ఒకప్పుడు ఒకే అపార్ట్‌మెంటులో పైనా కిందా ఉండేవాళ్ళు. నవ్వుతూనే అంది: "భలే దొరికిందే నీకు పార్కింగ్ స్పాట్. చూస్తే నాకంటే స్పీడ్‌గా నడుస్తున్నావ్." అందులో విషం ఏమీ లేదు. వసంతలక్ష్మి కూడా నవ్వింది. కొనాల్సినవి కొనకుండానే కారెక్కి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

అప్పట్నుంచి మంచి రోజుల్లో కూడా బయటికి వెళ్ళడం దాదాపు మానేసింది. చెడ్డ రోజున ఎలాగూ వెళ్ళలేకపోయేది. మంచి రోజు వస్తే ఇప్పుడు భయం వేసేది, ఎవరైనా చూస్తారేమోనని. కర్టెన్లు వేసుకుని ఇంట్లోనే అటూ ఇటూ నడిచేది. హాయిగా నడిచిన పూటల్లో, నిన్న మొన్నటి ఆ పడిపోవడాలు నిజంగా జరిగాయా, మధ్యాహ్నపు మత్తులో కలగన్నానా అని అనుమానం వచ్చేది. ఉత్తరం రాసినవాళ్ళే నిజమేమో, తనే అబద్ధమేమో. కాళ్ళు లేచి రాని రోజున మళ్ళీ రెండు మైళ్ళ నడక ఎవరో చెప్పిన కథలా ఉండేది. రెండు జీవితాల్లో దేన్నీ పూర్తిగా నమ్మలేక మధ్యలో తేలుతూ ఉండేది.

మళ్ళీ పరిశీలించమని పెట్టుకున్న అర్జీ కూడా ఆ వేసవి చివర్లో తిరిగొచ్చేసింది. ఇక మిగిలింది జడ్జి ముందు హియరింగ్. పక్క ఊళ్ళో డెబ్రా అని ఒక లాయరుంది, గెలిస్తేనే ఫీజు తీసుకుంటుంది. అరవై దాటిన మనిషి, బల్ల మీద కాగితాల మధ్య ఎప్పుడూ ఒక పిల్లి పడుకుని ఉండేది. వసంతలక్ష్మి చెప్పిందంతా విని ఆమె ఒక్కటే అడిగింది: "నెలలో ఎన్ని రోజులు ఇలా అవుతుంది? ముందు రోజు నీకు తెలుస్తుందా?" చెడ్డ రోజులు ఎంత చెడ్డవో వసంతలక్ష్మికి తెలుసు, ఎన్నో తెలియదు. రోజూ రాయమంది డెబ్రా. ఏ భాషలో రాసినా సరే, ఎవరినో మెప్పించడానికి మాత్రం రాయొద్దంది. మంచి రోజుల్ని కూడా వదలొద్దంది.

అక్టోబరులో మొదలుపెట్టి వసంతలక్ష్మి పదకొండు నెలలు రాసింది. దేదీప్య స్కూలు రోజుల్లో సగం వాడి వదిలేసిన నోటుబుక్కు ఒకటుంటే దాంట్లో, తెలుగులో.

హియరింగ్‌కు ముందు అదంతా ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వాల్సి వచ్చింది. దేదీప్య అప్పటికి అరగంట దూరంలోని యూనివర్సిటీలో చదువుతోంది, వేసవి సెలవులకు ఇంట్లో ఉంది. తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం కూడబలుక్కోవాలి. అందుకని పైకి చదువుతూ లాప్‌టాప్‌లో టైప్ చేసేది. ఒక సాయంత్రం ధర్మారావు సింక్ దగ్గర గిన్నెలు తుడుస్తున్నాడు. వసంతలక్ష్మి సోఫాలో కళ్ళు మూసుకుని ఉంది. దేదీప్య ఒక్కో మాటా పట్టి పట్టి చదువుతోంది.

"నవంబర్ పద్దెనిమిది. చల్లగా ఉంది. నడిచాను. చెరువు చుట్టూ ఒకటిన్నర సారి. ఎవరూ చూడలేదు."

"మే నాలుగు. వంటింటి దాకా వెళ్ళాను. తిరిగి రావడానికి నేల మీద కూర్చుని జరిగాను. ఆయన వచ్చేసరికి సోఫా ఎక్కేశాను."

ధర్మారావు చేతిలో పళ్ళెం తడి ఎప్పుడో ఆరిపోయింది. అతను దాన్నే తుడుస్తున్నాడు.

"మే ఇరవై మూడు. పొద్దున బాగుంది. పదకొండింటికి పోయింది. దీపు ఫోన్ చేసింది. బాగున్నానన్నాను. అప్పుడు బాత్రూం గచ్చు మీద ఉన్నాను. గచ్చు చల్లగా హాయిగా ఉంది. అక్కడే నిద్రపోయాను."

దేదీప్య ఆగిపోయింది. ఫోన్ తీసి, వెనక్కి వెనక్కి వెళ్ళి, ఆ తేదీన చేసిన కాల్ చూసుకుంది.

"అమ్మా, ఆ డే మనం ట్వెంటీ మినిట్స్ మాట్లాడాం. నా సమ్మర్ క్లాస్ గురించి. నువ్వు జోక్ కూడా చేశావ్."

"ఊఁ."

"ఫ్లోర్ మీద ఉండి జోక్ చేశావా?"

వసంతలక్ష్మి కళ్ళు తెరవలేదు. "నీతో మాట్లాడుతుంటే బాగానే ఉందే నాకు" అంది. అది నిజమే. ఆ పిల్ల గొంతు వింటూ గచ్చు మీద పడుకుని ఉంటే, చల్లటి నీళ్ళలో వెల్లకిలా తేలుతున్నట్టుండింది. కానీ ఇప్పుడు ఆ మాట వేరే మనిషి గొంతులో వింటుంటే, మొదటిసారిగా, అది తనకే జరిగిందనీ, కల కాదనీ తెలిసింది. చెంపల మీంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోలేదు.

మర్నాడు శనివారం. ధర్మారావు డైనింగు కుర్చీలు తీసి పడగ్గది తలుపు దగ్గర ఒకటి, నడవలో మధ్యన ఒకటి, వంటింటి మలుపులో ఒకటి వేశాడు. ఎంత ఎడంగా ఉండాలో తెలియక, ఆమెను పిలిచి, నోటుబుక్కులో రాసిన చెడ్డ రోజుల దూరం ఎంతో అడిగి, అడుగులు కొలిచి మళ్ళీ జరిపాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో భోజనాలన్నీ సోఫాలోనే అయ్యాయి.

హియరింగ్ సెప్టెంబరు చివర్లో పడింది, గంటన్నర దూరంలోని ఊళ్ళో. ముందురోజు రాత్రంతా వాన కురిసి పొద్దునకు చల్లబడింది. వసంతలక్ష్మి మంచం దిగి నిలబడగానే తెలిసిపోయింది, కాళ్ళు ఉన్నాయి. ఇన్ని రోజుల్లో మంచి రోజు ఇవాళే రావాలా? స్నానం చేసి, చీర వద్దనుకుని పాత డ్రైవరు రోజుల నల్ల ప్యాంటు వేసుకుంది. బయటికొచ్చేసరికి ధర్మారావు చెడ్డ రోజుల కోసం కొన్న వాకర్ మడిచి కారు వెనక సీట్లో పెడుతున్నాడు.

"ఇవాళ దాంతో పని లేదండీ" అంది.

"ఉండనీ వసంతా. చూస్తే వాళ్ళకి అర్థమవుతుంది."

"ఏం అర్థమవుతుంది?"

అతను వాకర్‌ను సీటు మీద ఇంకాస్త లోపలికి జరిపాడు. "రేపు కావాలి కదా. మొన్న కావాల్సొచ్చింది కదా. అబద్ధమేం కాదుగా అది."

"మొన్నటిది మొన్న రాశాను. ఇవాళ దాన్ని పట్టుకుని లోపలికి వెళ్తే, నేను రాసిందంతా అబద్ధమైపోతుంది. నాకైనా సరే, అబద్ధమైపోతుంది."

ధర్మారావు వాకర్ తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టొచ్చాడు.

దారంతా పొగమంచు. కొండలు కనిపించి మాయమవుతున్నాయి. ధర్మారావు మలుపుల దగ్గర మరీ నెమ్మదిగా నడుపుతుంటే ఆమె కుడికాలు దానంతటదే కారు నేలను నొక్కుతోంది. కన్ను మూతపడింది. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు, ఎవరూ మాట్లాడటం లేదు, బస్సు నిండింది. కళ్ళు తెరిచేసరికి కారు ఆగి ఉంది.

గది చిన్నది. జడ్జి సన్నటి మనిషి, మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నాడు. పక్కన రికార్డు చేసే అమ్మాయి. ఉద్యోగాల సంగతి తెలిసిన నిపుణుడొకడు ఫోన్‌లో ఉన్నాడు. డెబ్రా తన కాగితాల కట్టను ముందు పెట్టుకుంది. జడ్జి చాలాసేపు మామూలు ప్రశ్నలు అడిగాడు. చదువు, పని, మందులు. బస్సు సంగతి అడిగితే ఆమె రూటు నంబరుతో సహా చెప్పింది. అప్పుడతను కళ్ళద్దాలు తీసి అడిగాడు. మాటలు ఇంగ్లీషులోనే నడిచాయి.

"మీరు ఇందాక లోపలికి నడిచి రావడం చూశాను. ఏ సాయం లేకుండా వచ్చారు."

"అవును. ఇవాళ నా కాళ్ళు బాగున్నాయి."

"మరి ఇవాళ మీరు పని చేయగలరా?"

డెబ్రా పెన్ను ఆగింది. వసంతలక్ష్మి ఆలోచించింది.

"ఇవాళ చేయగలను" అంది. "మధ్యాహ్నం దాకా చేయగలననుకుంటున్నాను. రేపటి సంగతి నాకు తెలియదు. జడ్జిగారూ, నేను రోజూ పొద్దున బస్సు చుట్టూ తిరిగి చూసి, బ్రేకు నొక్కి చూసి, సంతకం పెట్టేదాన్ని. నెలలో ఇరవై రోజులు బ్రేకులు బాగుండి, పది రోజులు ఉండవనీ, ఆ పది ఏవో ఎవరికీ తెలియదనీ అంటే, ఆ బస్సుకి నేను సంతకం పెట్టను. ఇవాళ బాగుందని కూడా పెట్టను. మీరైనా పిల్లల్ని ఎక్కించరు."

జడ్జి కళ్ళద్దాలు పెట్టుకుని, దేదీప్య టైప్ చేసిన కాగితాలు తిప్పాడు. ఏదో లెక్కపెడుతున్నట్టు పెన్సిలు కొసతో పేజీల మీద తాకుతూ వెళ్ళాడు. తర్వాత ఫోన్‌లోని నిపుణుణ్ణి అడిగాడు: కూర్చుని చేసే తేలిక పనే అనుకుందాం, కానీ ఆ మనిషి నెలకు మూడు రోజులో, అంతకన్నా ఎక్కువో, ముందుగా చెప్పకుండా రాలేకపోతే, అలాంటి మనిషికి ఉద్యోగాలేవైనా ఉన్నాయా?

"లేవు, యువరానర్" అంది ఫోన్.

అంతే. అరగంటకు బయటికొచ్చేశారు. వాన మళ్ళీ మొదలైంది. దారి మధ్యలో ఆమె ఎడమకాలు బరువెక్కడం మొదలుపెట్టింది. ఇంటికి చేరేసరికి దిగలేకపోయింది. ధర్మారావు గరాజ్‌లోంచి వాకర్ తెచ్చి తలుపు పక్కన నిలబెట్టి, ఆమె లేచేదాకా వానలో తడుస్తూ పట్టుకుని నిలబడ్డాడు.

ఆరు వారాలకు కవరు వచ్చింది. అర్జీ పూర్తిగా ఒప్పుకుంటున్నామని మొదటి పేజీలోనే ఉంది. లోపల ఎక్కడో, ఆమె రాసుకున్న నోటుబుక్కు గురించి రెండు వాక్యాలున్నాయి. మంచి రోజుల్ని దాచకుండా రాయడం వల్ల మిగతాది నమ్మదగినదిగా ఉందని వాటి సారాంశం. ధర్మారావు ఆ రెండు వాక్యాలూ నిలబడే రెండుసార్లు చదివాడు. దేదీప్య ఫోన్‌లో ఏడ్చింది. వసంతలక్ష్మికి మాత్రం సంతోషం వెంటనే రాలేదు. ఏ తేదీ నుంచి ఆమె పని చేయలేని మనిషో ఆ కాగితంలో అచ్చయి ఉంది. స్టాప్ సైన్ దగ్గర కాలు రాని ఆగస్టు మధ్యాహ్నం అది. ఇక ఆ బస్సు ఎప్పటికీ తనది కాదని ఎవరో సంతకం పెట్టి చెప్పినట్టయింది. కవరు ఒళ్ళో పెట్టుకుని, దిగిపోతున్న ఎండలో సోఫా మీద నిద్రపోయింది. ఆ మధ్యాహ్నం ఏ కలా రాలేదు.

తర్వాతి ఆదివారం లేచేసరికి కాళ్ళు తేటగా ఉన్నాయి. కర్టెన్ తీసి చూసింది. బయట మంచు ఇంకా విడలేదు, ట్రెయిల్ మీద ఎవరెవరో కుక్కల్ని నడిపించుకుంటూ వెళ్తున్నారు. చెయ్యి అలవాటుగా కర్టెన్ మూయబోయింది. మళ్ళీ వదిలేసింది. ధర్మారావును లేపి, నడవడానికి వెళ్దామంది. ఎంత దూరమని అడిగాడతను, బూట్లు వెతుక్కుంటూ. వెళ్ళగలిగినంత దూరం అంది.

ట్రెయిల్ మీద ఎదురైనవాళ్ళు తల ఊపితే ఆమె కూడా ఊపింది. చెట్ల ఆకులు రాలి నేలంతా రాగి రంగు తిరిగి ఉంది, అడుగు వేస్తే మెత్తగా దిగుతోంది. వాగు మీద వంతెన దాటారు. ఎత్తు మొదలైంది. ధర్మారావుకు ఆయాసం వచ్చి ఒక బెంచీ మీద కూలబడ్డాడు, కాస్త ఆగమని చేత్తో సైగ చేశాడు.

"మీరు కూర్చోండి" అంది వసంతలక్ష్మి. "నేను ఆ మలుపు దాకా వెళ్ళొస్తాను."

మంచులోకి నడిచింది. పది గజాలు పోయాక అతనికి ఆమె కనిపించడం మానేసింది. ఆకుల మీద అడుగుల చప్పుడు మాత్రం, తొందర లేకుండా, చాలాసేపు వినపడుతూనే ఉంది.